చూసీ చూడనట్టు

రాజమహేంద్రవరం నుంచి గోకవరం వెళ్ళే దారిలో కోరుకొండ దగ్గర బస్సు దిగి, టీ కొట్టు ముందు బల్ల మీద కాసేపు కూర్చుంటే ఊరి కబుర్లన్నీ వాటంతటవే చెవిన పడతాయి. వానలు, మొక్కజొన్న ధర, ఎవరి అబ్బాయికి ఏ దేశంలో ఉద్యోగం వచ్చింది, ఇవన్నీ గట్టిగానే చెప్పుకుంటారు. ఉన్నట్టుండి గొంతులు తగ్గుతాయి. ఒకాయన గ్లాసు పక్కన పెట్టి అటూ ఇటూ చూస్తాడు. "చెప్పకూడదు గానండీ..." అని మొదలుపెడతాడు. ఆ తర్వాత వచ్చే మాట చాలాసార్లు ఒకటే. లోపాయికారీ.

ఈ విషయంలో మనకు మాటల కరువు లేదు. కుట్ర, కుతంత్రం అని పుస్తకాల్లో చదువుకుంటాం గానీ అరుగుల మీద వినబడేవి వేరు. కుమ్మక్కయ్యారు అంటారు. లాలూచీ పడ్డారు, మిలాఖత్ అయ్యారు అంటారు. గూడుపుఠాణీ అనే మాటయితే జనానికి మరీ ఇష్టం. 1972లో కృష్ణ నటించిన సినిమాకు అదే పేరు పెట్టారు. ఇంకా గోతులు తీయడం, ఎసరు పెట్టడం, పొగబెట్టడం ఉండనే ఉన్నాయి. మెత్తగా మాట్లాడుతూ ముంచేవాడిని తడిగుడ్డతో గొంతు కోస్తాడంటారు. చాటుగా ఎత్తులు వేసే మనిషి మీద ఎంత కోపం ఉందో ఈ మాటలు వింటేనే తెలుస్తుంది.

మరి ఆ పక్కనే నిలబడి అంతా చూసినవాడి సంగతి? అతనికి మనం పెట్టుకున్న మాటలన్నీ మెత్తనివే. "చూసీ చూడనట్టు పోయాడు." "మనకెందుకులే అనుకున్నాడు." "సర్దుకుపోయాడు." ఇంకొంచెం ముందుకెళ్ళి, "పెద్దమనిషండీ, తన పనేదో తనది, ఎవరి జోలికీ పోడు" అని మెచ్చుకుంటాం కూడా. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఇంతకంటే మంచి కితాబు లేదు.

ఈ తేడా నన్ను చాలాకాలంగా ఆలోచనలో పడేస్తోంది. ఎత్తు వేసేవాడు ఎక్కడైనా ఒకడో ఇద్దరో ఉంటారు. చూసి ఊరుకునేవాళ్ళు ఊరంతా ఉంటారు. ఊరంతా ఉన్నవాళ్ళ గురించి గట్టి మాట లేకపోవడానికి కారణం ఊహించడం కష్టమేం కాదు. ఆ మాట పుట్టించాల్సినవాళ్ళం మనమే కదా.

పల్లెటూళ్ళలో వేలంపాటలు జరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. చెరువులో చేపల పాట, చింతచెట్ల పాట, గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టు పాట. దండోరా వేస్తారు, కుర్చీలు వేస్తారు, జనం మూగుతారు. ఒకాయన ఒక అంకె చెబుతాడు. రెండో ఆయన దాని మీద కాస్త పెంచుతాడు. మూడో ఆయన ఆకాశం కేసి చూస్తాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అయిపోతుంది. అన్ని పాటలూ ఇలాగే జరుగుతాయని నేననను. కానీ ఇలా జరిగిన చోట, ముందురాత్రే ఎవరి అరుగు మీదో అంతా కుదిరిపోయిందని అక్కడ నిలబడ్డ చాలామందికి తెలుసు. ఊరికి రావలసిన సొమ్ములో సగమే వచ్చిందని కూడా తెలుసు.

తెలిసి ఎందుకు ఊరుకుంటారు? భయం అని ఒక్క మాటలో తేల్చేస్తే అది అన్యాయం. ఒకాయన పాట పాడినవాడి దగ్గర చేబదులు తీసుకుని ఉంటాడు. ఇంకొకాయనకు అతను వియ్యంకుడి తమ్ముడు. మరొకాయన కూతురి పెళ్ళి వచ్చే నెల్లో ఉంది, షామియానా దగ్గర్నుంచి వంటపాత్రల దాకా ఆ ఇంటి నుంచే రావాలి. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. రేపు పొద్దున్న ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సినవాళ్ళు. మన గోదావరి జిల్లాల్లో ప్రేమ ఎక్కువ, మర్యాద ఎక్కువ. ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపని ఊళ్ళు ఇవి. ఆ ప్రేమతోబాటే మొహమాటమూ వచ్చింది. ఒక్కోసారి ఏది ఏదో విడదీసి చూడటం ఎవరి తరమూ కాదు.

పొలం గట్టు సంగతి ఇంతకంటే నెమ్మదిగా జరుగుతుంది. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఒకవైపు నుంచి గట్టును బెత్తెడు చెక్కుతారు. రెండోవైపు మట్టి ఎగదోస్తారు. చూసేవాళ్ళకు గట్టు ఎప్పటిలాగే ఉంటుంది. పక్క చేను సొంతదారు ఊళ్ళో ఉంటే ఆ ఏడాదే గొడవవుతుంది. కానీ ఉభయగోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైట్‌కో మస్కట్‌కో ఇంటి పనికి వెళ్ళారు. వాళ్ళలో ఒకామె అక్కడ పైసా పైసా కూడబెట్టి పంపిన డబ్బుతో కొన్న అర ఎకరం అది. ఆమె తిరిగొచ్చి కొలిపించుకుంటే నాలుగు సెంట్లు తక్కువొస్తుంది. అన్నేళ్ళూ ఆ దారినే నడిచినవాళ్ళు, ఆమె ఫోన్ చేసినప్పుడల్లా "అంతా బావుందమ్మా" అన్నవాళ్ళు, ఇప్పుడు "అయ్యో, అలాగా" అంటారు. ఆ "అయ్యో" నిజమైనదే. అది తెలిసి కూడా నా మనసు ఊరుకోదు.

అలాగని చూసీ చూడనట్టు పోవడం ఎప్పుడూ తప్పేనా అంటే, ఆ మాట నేను ఛస్తే అనలేను. మా అమ్మమ్మ గుర్తొస్తుంది. కోతలయ్యాక చేలో పరిగె ఏరుకోవడానికి ఆడవాళ్ళు గంపలు పట్టుకుని వచ్చేవారు. రాలిన కంకులు ఏరుకోవడం వాళ్ళ హక్కులాంటిది. కానీ గంపలో రాలిన కంకులతోబాటు పనలోంచి లాగిన నాలుగు గుప్పెళ్ళు కూడా పడేవి. అమ్మమ్మ చూసేది. చూసి, అటు తిరిగి, కూలీలకు మజ్జిగ పోసే పనిలో పడేది. తాతయ్య ఎప్పుడైనా గొణిగితే, "ఆ నాలుగు గుప్పెళ్ళతో మనం మేడ కడతామా" అనేది.

మా చిన్నప్పటి మాస్టారు ఒకాయన ఉండేవారు. పొద్దున్నే పాలు పోసి, గేదెను కడిగి, పరుగు పరుగున వచ్చే కుర్రాడికి ఆలస్యమైనా హాజరు వేసేవారు. వాడు గోడ వెనక నుంచి వంగి వచ్చి బెంచీలో దూరుతుంటే ఆయన సరిగ్గా అప్పుడే నల్లబల్ల వైపు తిరిగేవారు. వాడు ఈ రోజు ఎక్కడున్నా ఆ వీపును మరిచిపోడు.

అమ్మమ్మ చేసింది, పాట దగ్గర జనం చేసింది, పైకి చూస్తే ఒకే పని. రెండూ కళ్ళు తిప్పుకోవడమే. ఆలోచించగా ఆలోచించగా నాకు దొరికిన కొలత ఒక్కటే. నష్టం ఎవరిది? అమ్మమ్మ చూడనట్టు ఊరుకున్నప్పుడు పోయిన గింజలు అమ్మమ్మవే. గట్టు చెక్కుతుంటే ఊరుకున్నవాళ్ళకు సెంటు భూమి కూడా పోలేదు. పోయింది కువైట్‌లో ఉన్న మనిషిది. తన సొమ్ములోంచి వదులుకుంటే అది పెద్ద మనసు. పక్కవాళ్ళ సొమ్ములోంచి ఉదారంగా వదిలేసే హక్కు మనకు ఎక్కడిది?

ఈ కొలత అన్ని చోట్లా సరిపోతుందని చెప్పను. ముసలామె ఒళ్ళో కూర్చున్న మనవడికి అయిదేళ్ళు దాటాయని తెలిసీ టిక్కెట్టు అడగని కండక్టరు ఉన్నాడు. నష్టం అతనిది కాదు, ఆర్టీసీది. అయినా అతని మీద నాకు కోపం రాదు. అలాంటి చోట నా కొలత పక్కన పెట్టేసి ఊరుకుంటాను.

పెళ్ళిళ్ళ దగ్గర మాత్రం ఊరుకోలేను. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. పేదింటి పిల్లకు పెళ్ళి కావాలన్న జాలితో పుట్టిన సామెత అయి ఉండొచ్చు. కానీ పెళ్ళికొడుకు తాగుడు సంగతి, పాత పెళ్ళి సంగతి, జబ్బు సంగతి అతని వీధి మొత్తానికి తెలిసి, పెళ్ళికూతురు ఒక్కదానికే తెలియని పెళ్ళిళ్ళు మనమంతా భోజనం చేసి వచ్చినవే. ఆకుల దగ్గర కూర్చుని గుసగుసలాడుకుంటాం. "పాపం పిల్ల" అంటాం. చేతులు కడుక్కుని అక్షింతలు వేసి వస్తాం.

నూటయాభై ఏళ్ళ కింద ఇలాంటి పెళ్ళిళ్ళకు రాజమహేంద్రవరంలో కొదవ లేదు. పండు ముసలికి పసిపిల్లనిచ్చి డబ్బు పుచ్చుకునేవారు. మధ్యవర్తులు ఉండేవారు, ముహూర్తాలు పెట్టేవారు ఉండేవారు, వడ్డించేవారు ఉండేవారు. అందరికీ తెలుసు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి ఈ తెలిసిన సంగతులనే అచ్చువేశారు. లంచాలు తినే అధికారుల గురించి రాశారు. పెద్దయ్యగారి పెళ్ళి అని జనం చెప్పుకున్న బ్రాహ్మవివాహం ప్రహసనంలో ఆ ముసలి పెళ్ళిళ్ళను చూపించారు. వకీళ్ళ, కోర్టు పక్షుల లాలూచీల మీద వ్యవహార ధర్మబోధిని రాస్తే, 1880లో ఆయన విద్యార్థులే దాన్ని రాజమహేంద్రవరంలో ప్రదర్శించారు. ఆయన కొత్తగా కనిపెట్టిన రహస్యాలంటూ పెద్దగా ఏమీ లేవు. వీధిలో మెల్లగా అనుకునే మాటను గట్టిగా అన్నారు, అంతే. శత్రువులు పెరగడానికి అది చాలింది.

ఆ పంతులుగారే పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికకు కొనసాగింపుగా సంధి, విగ్రహం రాశారు. 1853 నాటి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం ఉన్నాయి. మిత్రభేదం చదివిన ఏ పిల్లవాడూ దమనకుణ్ణి మరిచిపోడు. సింహానికీ ఎద్దుకూ మధ్య పుల్లలు పెట్టిన నక్క అది. రెండో నక్క కరటకుడి గురించి మాత్రం మాస్టార్లు కూడా పెద్దగా చెప్పరు. దమనకుడు ఏదో తలపెట్టాడని కరటకుడికి మొదట్నుంచీ తెలుసు. మనకు పట్టని పనిలో వేలు పెట్టకూడదని, మేకు లాగిన కోతి కథ చెప్పి హెచ్చరిస్తాడు కూడా. దమనకుడు వినకపోతే, సరే వెళ్ళిరమ్మని సాగనంపుతాడు. ఆ ఎద్దు సంజీవకుడి దగ్గరకు వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే కథ మారిపోయేది. ఆ ఎద్దు సింహం చేతిలో చచ్చిపోతుంది. కరటకుడికి మాత్రం ఏమీ కాదు. చిన్నప్పుడు నేను కరటకుణ్ణి మంచివాడనే అనుకున్నాను. బుద్ధిగా ఉంటాడు, నీతులు చెబుతాడు, గొడవల్లోకి పోడు.

ఇంకా వెనక్కి వెళితే, ఇదే గోదావరి ఒడ్డున పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెనిగించాడు. ఆదిపర్వం, సభాపర్వం పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. అంటే తెలుగువాళ్ళు జూదం కథను తొలిసారి కావ్యభాషలో విన్నది ఈ చుట్టుపక్కలే. ఆ సభలో కుట్ర చేసింది దుర్యోధనుడు, శకుని, మరి ఒకరిద్దరు. చూసింది సభ మొత్తం. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తప్పుకున్నాడు. ఆ మాట ఈనాటికీ మన నోళ్ళలో ఉంది. చిక్కు వచ్చినప్పుడల్లా "ధర్మసూక్ష్మం" అని నిట్టూరుస్తాం. ధృతరాష్ట్రుడికి చూపు లేకపోవడం పుట్టుకతో వచ్చింది. మిగతావాళ్ళందరికీ కళ్ళున్నాయి.

విదురుడు మందలించాడు. అతను మందలిస్తాడని అందరికీ తెలిసిందే. నన్ను ఎప్పుడూ కదిలించేది వికర్ణుడు. దుర్యోధనుడి సొంత తమ్ముడు, వయసులో చిన్నవాడు. ముందు తానే ఓడిపోయినవాడికి ద్రౌపదిని పణంగా పెట్టే హక్కు లేదని నిలబడి అన్నాడు. కర్ణుడు కుర్రవాడివంటూ కసిరేశాడు. అతని మాట నెగ్గలేదు. అయినా అంత పెద్ద సభలో ద్రౌపదికి తన బాధ తనొక్కదానిదే కాదని తెలిసిన క్షణం అది. అంతటి మేలు చేసినవాడి పేరు మన పిల్లలకు పెట్టుకోం.

దగ్గరి రోజుల్లోకి వద్దాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఒక లేఖ రాశారు. లెక్కల్లో చూపించిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేనే లేవని ఆయనే చెప్పారు. అసలు లాభానికీ చూపించిన లాభానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడానే ఉండేదని, అది ఏళ్ళ తరబడి పెరిగి చేయి దాటిపోయిందని ఆ లేఖ సారాంశం. భీమవరంలో పుట్టిన మనిషి ఆయన. 2005లో మొదలై ఎన్నో ప్రాణాలు కాపాడిన 108 అంబులెన్సు సేవ వెనుక ఉన్నదీ ఆయనే. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆడిటర్లు సహా పదిమందిని దోషులుగా తేల్చింది. మరుసటి నెలలో అప్పీలు కోర్టు శిక్షలను నిలిపివేసింది. న్యాయం సంగతి న్యాయస్థానాలు చూసుకుంటాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ కొద్దిపాటి తేడా. అది కొద్దిగా ఉన్న రోజుల్లో దాన్ని చూసినవాళ్ళు ఉండే ఉంటారు. వచ్చే మూడు నెలల్లో సర్దుకుంటుందిలే అనుకుని ఉంటారు. అలా అనుకోవడం చాలా సహజం. నష్టం మాత్రం ఆ గదిలో లేనివాళ్ళది. పిల్ల పెళ్ళికని నాలుగు షేర్లు కొనుక్కున్న బడిపంతులుది, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడిది.

కోరుకొండ మెట్లెక్కేటప్పుడు ఇవన్నీ మనసులో మెదులుతాయి. కొండమీద కొలువైనవాడు లక్ష్మీనరసింహస్వామి. ఫాల్గుణమాసంలో స్వామి కల్యాణానికి, తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. ఎవరూ లేరనుకున్న స్తంభంలోంచి వచ్చిన దేవుడాయన. అంతా కనిపెట్టి చూసేవాడొకడున్నాడన్న ధైర్యంతో ఎన్ని తరాల మామూలు మనుషులు ఈ మెట్లెక్కారో. కానీ ఆ కథలోనే, పసివాణ్ణి కొండమీంచి తోసినవాళ్ళు, ఏనుగుల కిందకు నెట్టినవాళ్ళు, చెప్పిన పని చేసిన భటులే. వాళ్ళూ ఇళ్ళకు వెళ్ళి తమ పిల్లల్ని ఎత్తుకునే ఉంటారు. స్వామి వచ్చేదాకా ఆ పిల్లవాడి పక్కన ఒక మనిషి కూడా నిలబడలేదు.

అందరం వికర్ణుల్లా సభలో లేచి నిలబడలేం. అది అడగడం కూడా న్యాయం కాదు. సంసారాలున్నాయి, అప్పులున్నాయి, ఎదిగిన పిల్లలున్నారు. కానీ భారతంలోనే ఇంకో దారి కూడా ఉంది. పాండవులు వారణావతానికి బయలుదేరినప్పుడు విదురుడు గొడవ చేయలేదు. పక్కవాళ్ళకు అర్థంకాని భాషలో ధర్మరాజుకు ఒక మాట చెప్పాడు. నిప్పుతో జాగ్రత్త అని. తర్వాత నమ్మకమైన మనిషిని పంపి, వాళ్ళను కాల్చేయడానికి కట్టించిన లక్క ఇంటి లోపలినుంచి సొరంగం తవ్వించాడు. అదీ చాటుమాటు వ్యవహారమే. కాకపోతే ముప్పు ఎవరికో వాళ్ళ వైపు నిలబడి నడిపిన చాటుమాటు.

ఆ ఇల్లు తగలబడిన రాత్రి లోపల ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు నిద్రపోయి ఉన్నారన్నది కూడా కథలో ఉంది. వాళ్ళు కాలిపోయారు. వాళ్ళ చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. మనం ఎంత మంచివాళ్ళ పక్షాన ఉన్నా, నష్టపోయేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో అని వెనక్కి తిరిగి చూడాలనిపించేది అక్కడే.

మీ వీధిలోనో, బంధువుల్లోనో, పనిచేసే చోటో ఒక మనిషికి తెలియకుండా ఆ మనిషికి ఏదో జరుగుతోందని మీకు తెలిసి ఉండొచ్చు. పంచాయితీ పెట్టమని నేననను. చేసేవాణ్ణి నిలదీయమని కూడా అనను. ఆ నష్టపోతున్న మనిషికి మాత్రం ఈ వారంలోనే ఒక ఫోన్ చేయండి. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. ఒకసారి వచ్చి చూసుకోండి అని చెప్పండి, చాలు.